పెలికన్స్ ఉన్నంతకాలం

పాయింట్ కుక్, మెల్‌బోర్న్
ఫిబ్రవరి 9, 2025

ప్రభువుకు పనివాడూ, కోల్డ్ స్టోరేజీలో ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరూ అయిన కనకరాజు, సిడ్నీలో కుట్టుమిషన్ల మధ్య కూర్చున్న నిస్సార్ అహ్మదుకు రాసేది. నీకూ, ఫరీదాకూ, ఫరహ్‌కూ సమాధానం కలుగును గాక.

ఫోన్ చేయొద్దు, ఉత్తరం రాయి అన్నావు. కారణం అడిగితే, "ఫోన్లో నీకు బ్రేకులుండవు రాజూ, నా మాట ఎక్కడ దూర్చాలో తెలీదు. ఉత్తరమైతే నచ్చని చోట మడిచి పెట్టుకోవచ్చు" అన్నావు. ఫుట్‌స్క్రేలో ఒకే గదిలో, ఒకే దుప్పటి కింద రెండు శీతాకాలాలు గడిపినవాడివి గనుక ఈ మాట నీ నోట భరించాను. ఇంకొకడైతే ఊరుకునేవాణ్ణి కాదు.

నువ్వడిగింది ఒక్కటే, ఆకిబ్ ఎలా ఉన్నాడని. దావీదు రాజు కూడా ఇంతే. కొడుకు తన మీదికే సైన్యం నడిపించాడు. అయినా యుద్ధం నుంచి పరుగెత్తుకొచ్చినవాణ్ణి గెలిచామా అని అడగలేదు, కుర్రవాడు క్షేమమా అని అడిగాడు. నీ కుర్రవాడు క్షేమమే. మా కోల్డ్ స్టోరేజీలోనే పనికి పెట్టించాను. ఇంట్లో మా ఆవిడ వసుంధర చేపల పులుసు పెడితే రెండోసారి వడ్డించుకుంటున్నాడు.

ఇంకో సంగతి. పెలికన్స్ టీము ఇక లేదు. జనవరిలో మూసేశారు. వాడు సివిల్ ఇంజనీరింగ్ సగంలో వదిలేసి ఏ టీము కోసం వచ్చాడో, ఏ టీము పేరెత్తితే నువ్వు టీవీ ఆపేసేవాడివో, అది రెండు సీజన్లు ఆడి ఆరిపోయింది. యోనా తలమీద నీడ పట్టిన సొరచెట్టు లాంటిది. రాత్రి మొలిచింది, రాత్రికి వాడిపోయింది. కానీ ఆ నీడలో కూర్చున్నవాణ్ణి నేను. కృతజ్ఞత లేకుండా ఎలా మాట్లాడను?

నీకు ఆ ఆట గురించి ఏమీ తెలియదు, తెలుసుకోనన్నావు. అయినా రాస్తాను, కావాలంటే ఇక్కడ మడుచుకో. అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ అది. ఇక్కడివాళ్ళు గ్రిడైరన్ అంటారు. ఎవరో పెట్టుబడిదారు కొత్తగా ఐదు టీముల లీగు పెట్టి, ఆటగాళ్ళకు జీతాలిచ్చి ఆడించాడు. మన పడమటి పేటలకు వచ్చింది వెస్ట్ షోర్ పెలికన్స్. పెలికన్ అంటే గూడబాతు. అడవిలో గూడబాతులా ఒంటరిగా ఉన్నానని కీర్తనకారుడు ఏడ్చాడు గనుక, ఆ పేరు వినగానే ఇది మన టీమే అనుకున్నాను.

ఇక నా మొదటి మ్యాచి. ఆకిబ్‌ను కారులో దింపి, మడత కుర్చీ వేసుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని కూర్చున్నాను. ఆట మధ్యలో ఒకడు దెబ్బ తగిలి పడిపోయాడు. మరుక్షణం రెండు టీముల వాళ్ళూ ఒక మోకాలు నేలకు ఆనించి వంగిపోయారు. చూడు నిస్సారూ, అన్నం ముందు కూడా ఎవడూ కళ్ళు మూసుకోని ఈ దేశంలో, అంతమంది కొండల్లాంటి మగవాళ్ళు మోకాళ్ళ మీద ప్రార్థన. నా ఒళ్ళు ఆగలేదు. తాడు దాటి గ్రౌండులోకి పరుగెత్తి, వాళ్ళ మధ్య మోకరించి, తెలుగులో, నీకు తెలిసిన గొంతుతో ప్రార్థన ఎత్తుకున్నాను. రిఫరీ ఈల వేసుకుంటూ వచ్చాడు. టీము కెప్టెన్ సియోనే అనే టోంగా దేశపు మనిషి, మన తలుపంత వెడల్పు ఉంటాడు, రిఫరీకి చెయ్యి అడ్డం పెట్టి "లెట్ హిమ్ ఫినిష్ మేట్" అన్నాడు. నేను ఆమేన్ అనేసరికి పడ్డవాడు లేచి నిలబడ్డాడు. పిక్క పట్టేసిందట, అంతే. ఆ రోజు నుంచి ప్రతి మ్యాచికీ రమ్మన్నారు. టీముకు ప్రార్థన చేసే పాస్టరుని, జీతం లేని చాప్లిన్‌ని అయ్యాను.

ఎవరికైనా దెబ్బ తగిలితే మర్యాదగా మోకాలు వంచడం ఆ ఆటలో ఆచారమనీ, అది ప్రార్థన కాదనీ మీవాడు నాకు చెప్పేసరికి సగం సీజన్ అయిపోయింది. "ముందే చెబుదామనుకున్నా అంకుల్, బట్ యు వర్ సో హ్యాపీ" అన్నాడు. నేనన్నాను, మోకాలు నేలకు తాకిందా లేదా? తాకింది. మిగతాది దేవుడు చూసుకుంటాడు.

జవాబు రాయి.

నీ రాజు


ద పాండ్స్, సిడ్నీ
ఫిబ్రవరి 23, 2025

పాస్టరుగారికి నిస్సార్ సలాం.

నీ ఉత్తరం మూడు చోట్ల మడిచాను. ఫరీదా మూడు మడతలూ విప్పి చదివి, గ్రౌండులోకి నువ్వు పరుగెత్తిన చోట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నా. నవ్వుతోంది. ఈ ఇంట్లో అంత నవ్వు విని చాలా రోజులైంది, దానికి ముందుగా థాంక్స్.

ఇప్పుడు నా ప్రశ్న. వాడు బ్యాగు సర్దుకున్న రోజున నేనేమన్నానో నీకు తెలుసు. "ఆ టీము ఉన్నంతకాలం నా గుమ్మం తొక్కకు" అన్నాను. కోపంలో అన్నాను, కానీ అన్నాను. వాడూ మాట పట్టుకునే మనిషే, నా పోలికే, తొక్కలేదు. రెండు రంజాన్లకు రాలేదు. ఫరహ్ స్కూల్ గ్రాడ్యుయేషన్‌కు మా ఇంటి గేటు దాకా వచ్చి చెల్లెల్ని బయటికి పిలిచి కేకు ఇచ్చి వెళ్ళాడు. సరే. ఇప్పుడు టీము లేదంటున్నావు. అంటే నా మాటకు గడువు తీరింది. గుమ్మం ఇక్కడే ఉంది. మరి వాడెందుకు రావట్లేదు?

నేను రమ్మని పిలవాలా? పొమ్మన్నది టీము ఉన్నంతవరకే కదా. లెక్క సరిగ్గానే ఉంది. షాపులో స్కూల్ యూనిఫారాల సీజను, మిషన్లు పగలంతా ఆడుతున్నాయి. నా పక్క బల్ల ఖాళీగా ఉంది. ఇంజనీరింగు చదవకపోయినా పర్లేదు అని కూడా అనుకున్నాను. నీకే చెబుతున్నా.

ఇంకోటి. నేను ఎలా ఉన్నాడని అడిగితే, రెండోసారి పులుసు వడ్డించుకున్నాడని రాసి గబగబా టీము మీదికి దూకావు. నువ్వెప్పుడూ గుంట ఉన్నచోట నడక పెంచుతావు రాజూ. ఫుట్‌స్క్రే నుంచీ చూస్తున్నాను. ఫరీదా అడగమంటోంది: వాడు నవ్వుతున్నాడా?

నిస్సార్


పాయింట్ కుక్
మార్చి 16, 2025

నిస్సారూ,

నవ్వట్లేదు.

నువ్వు మడవడానికి వీల్లేకుండా మొదటి మాటగా రాశాను. ఇక మిగతాది విను.

మొదటి సీజన్ ఎక్కువ ఓడిపోయాం. చెత్తబుట్టల దగ్గర తిరిగే పక్షులని పేపర్లో ఎవడో ఎగతాళి చేశాడు. రెండో సీజనుకు దేవుడు కళ్ళు తెరిచాడు. సియోనే అడ్డం నిలబడితే ఎవడూ దాటలేకపోయాడు. మీవాడి కాలు కుదిరింది. వాడి పని నీకు చెప్పలేదు కదూ. వాడు కిక్కరు. ఆటంతా బెంచీ మీద కూర్చుంటాడు. పిలుపు రాగానే లోపలికి పోయి, రెండు పొడవాటి స్తంభాల మధ్యలోంచి బంతిని తన్ని, మళ్ళీ బెంచీకి వస్తాడు. అందరి చూపూ ఆ ఒక్క తన్ను మీదే. బెంచీ మీద కూర్చున్నంతసేపూ పెదవులు కదుపుతుంటాడు. ఏమిట్రా అంటే, "దాదీ నేర్పిన దువా అంకుల్" అన్నాడు. మీ అమ్మ నేర్పిన ప్రార్థనట. నీకు ఇది తెలియాలి.

డిసెంబరులో యారా కింగ్‌ఫిషర్స్‌తో మ్యాచి. గెలిస్తే ఫైనల్. ఫైనల్ చేరితే మూడో సీజనుకు డబ్బు పెడతానని యజమాని మాటిచ్చాడు. చివరి నిమిషం, రెండు పాయింట్ల వెనక ఉన్నాం. తన్ను సరిగ్గా పోతే మూడు వస్తాయి. ఆకిబ్‌ను పిలిచారు. దూరం పెద్దదేం కాదు. బంతి పోయి కుడి స్తంభానికి కొట్టుకుని, బయటి వైపు పడింది.

అంతే. టీము ఆ స్తంభం దగ్గరే చచ్చిపోయింది. వాడి లెక్కలో చంపింది తనే.

ఇప్పుడు వాడి బతుకు రాస్తాను. పొద్దున పనికి వస్తాడు, నోరు విప్పడు. సాయంత్రం గది. శనివారాలు పాత గ్రౌండు దగ్గరికి కారులో పోతాడు. గేటుకు తాళం. పక్క పార్కులో సియోనే, మిగతావాళ్ళూ ఊరికే ఆడుకుంటూ ఉంటారు. వీడు కారు దిగడు. వాళ్ళు వచ్చి అద్దం మీద కొడతారు. తల ఊపి, స్టార్ట్ చేసుకుని వచ్చేస్తాడు. నేను ఓ ఆదివారం కూర్చోబెట్టి బోధించాను. పేతురు బొంకిన సంగతీ, తర్వాత సముద్రపు ఒడ్డున చేపలు కాల్చి ప్రభువు పిలిచిన సంగతీ, ఏదీ వదల్లేదు. అంతా విని "థాంక్యూ అంకుల్" అని లేచి తలుపేసుకున్నాడు. వసుంధర నా వైపు చూసి, "వాడికి మీ నోరు కాదు కావాల్సింది, వాళ్ళ నాన్న నోరు" అంది.

నువ్వు లెక్క సరిగ్గా ఉందని రాశావు. ఆ లెక్కను నేను అగ్నిలో వేస్తాను. యెఫ్తా కూడా లెక్క సరిగ్గానే వేశాడు. యుద్ధం గెలిస్తే, ఇంటి గుమ్మంలోంచి ఎదురొచ్చిన మొదటి ప్రాణిని దేవుడికి బలి ఇస్తానన్నాడు. తంబుర వాయించుకుంటూ ఎదురొచ్చింది సొంత కూతురు. గుమ్మం పేరెత్తి మాట్లాడే తండ్రులకు దేవుడు ఆ కథ రాయించి పెట్టాడు. టీము ఉన్నంతకాలం రాకు అన్నావు. మరి వాడు నీ గుమ్మం తొక్కితే ఏమని అర్థం? టీము చచ్చిందని తన కాలితో తను ఒప్పుకోవడం. ఆ కాలితోనే కదా వాడు బాధపడుతోంది. నీ గడువు తీరలేదు, వాడి మెడకు ఉరిలా బిగిసింది. నోటిని కుట్టుకోవడం నీ వృత్తిలోనే ఉంది గదా, ఆ రోజు సూదేమైంది?

కోపమొస్తే రానీ. వాడు బాగుపడాలి, నాకు అదే కావాలి.

రాజు


ద పాండ్స్
ఏప్రిల్ 6, 2025

రాజూ,

ఈ రంజాన్ సగం నెల నీ ఉత్తరం మీద కోపంతోనే ఉపవాసాలున్నాను. ఆ పుణ్యం నా ఖాతాలో ఎంత మిగిలిందో అల్లాకే తెలియాలి. నువ్వు ఎదురుగా ఉంటే కత్తెర విసిరేవాణ్ణి. పండుగ నాడు సేమ్యా తింటుంటే ఫరీదా ఒక గిన్నె పక్కకు తీసి మూత పెట్టింది. ఆ గిన్నె చూశాక కోపం నీ మీద నిలబడలేదు.

యాకూబు కథ మాకూ ఉందిలే. కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడ్డాయి. కానీ ఆయన యూసుఫును పొమ్మనలేదు. నేను పొమ్మన్నాను. తేడా తెలుసు నాకు, నువ్వు చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు నేను రాసేది ఫరీదాకు కూడా తెలియదు. వాడికి చెప్పకు. ఒట్టు.

ఆ మ్యాచికి నేనూ వచ్చాను.

మెల్‌బోర్న్‌లో పాత ఎంబ్రాయిడరీ మిషను చూడాలని ఇంట్లో చెప్పి పొద్దున ఫ్లైటెక్కాను. నెట్‌లో చూసి తెలుసుకున్నాను అది వాడికి పెద్ద మ్యాచని. ఓడినా గెలిచినా అయ్యాక గేటు దగ్గర నిలబడి, పద ఇంటికి, అనేద్దామని. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు. వాడి కంట పడకూడదని, పెలికన్స్ వాళ్ళు ఎటు కూర్చుంటారో గేటులో అడిగి, దానికి ఎదురు వైపు పోయి కూర్చున్నాను. అంటే కింగ్‌ఫిషర్స్ వాళ్ళ మధ్యలో. ఒకావిడ నా చేతిలో ఆకుపచ్చ జెండా పెట్టింది. వద్దంటే ఎవరో ఏమిటో అని చూస్తారు. పట్టుకున్నాను.

ఆట నాకు అర్థం కాలేదు. వాడి నంబరు మాత్రం వెతుక్కుంటూ కూర్చున్నాను. బెంచీ మీద పెదవులు కదపడం అంత దూరం నుంచి కనిపించలేదు. నువ్వు రాశాకే తెలిసింది. దాదీ దువా అని చదివి షాపు వెనక్కి వెళ్ళి కూర్చున్నాను.

చివర వాణ్ణి పిలిచారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా "మిస్, మిస్" అని కాళ్ళతో బల్లలు బాదుతున్నారు. నేను దువా మొదలుపెట్టాను. బంతి స్తంభానికి తగిలిన చప్పుడు విన్నాను రాజూ. ఆ చప్పుడుకు నా చుట్టూ జనం ఎగిరిపడ్డారు. జెండా ఇచ్చినావిడ నన్ను వాటేసుకుంది. ఎవరో ముసలాయన నా తల పట్టుకుని ముద్దు పెట్టాడు. నా కొడుకు తప్పినందుకు నన్ను ఊపి ఊపి అభినందించారు. ఆ జెండా నా చేతిలోనే ఊగుతోంది, నేను ఊపట్లేదు, వాళ్ళు ఊపుతున్నారు.

వాళ్ళ భుజాల సందులోంచి చూశాను. వాడు నేల మీద బోర్లా పడి ఉన్నాడు. లేవడంలేదు. ఆ కెప్టెను వచ్చి మోకాలు వంచాడు. తర్వాత మీవాళ్ళు. తర్వాత గెలిచిన టీము కూడా, గంతులు ఆపి, మోకాలు వంచింది. నా పక్క ముసలాయన కూడా టోపీ తీశాడు. నేను కంచె దాకా పరుగెత్తాను. నువ్వు వాడి తల దగ్గర మోకరించి ఉన్నావు, నోరు మూసుకుని. నీ నోరు మూసి ఉండటం చూశాక నాకు నిజంగా భయం వేసింది.

తర్వాత వాళ్ళు లేపారు, లేచాడు, నడిచాడు. అది చూసి వచ్చేశాను. తీసుకుపోదామని వచ్చినవాణ్ణి. వాడి చుట్టూ అంతమంది మోకాళ్ళ మీద ఉంటే, వాణ్ణి అక్కడినుంచి రమ్మనడానికి నాకేం హక్కుందో తెలియలేదు.

వాడికి దెబ్బ ఎక్కడ తగిలింది? ఇన్ని నెలలుగా అడగలేకపోయాను. ఇప్పుడైనా చెప్పు.

నిస్సార్


పాయింట్ కుక్
ఏప్రిల్ 18, 2025, శుభ శుక్రవారం

నా నిస్సారూ,

వాడికి ఎక్కడా దెబ్బ తగల్లేదు.

నీ ఉత్తరం గ్యారేజీలో నిలబడి చదివి, అక్కడే నేల మీద కూర్చున్నాను. ఆకిబ్ వచ్చి "ఆర్ యు ఓకే అంకుల్?" అన్నాడు. కాలు తిమ్మిరెక్కిందన్నాను. మాట నిలబెట్టుకున్నాను, చెప్పలేదు. నా జీవితంలో నాకు తెలిసిన మంచి వార్తను నోట్లో పెట్టుకుని మింగడం ఇదే మొదటిసారి. ఇది నాకు శిక్ష. త్వరగా విప్పు.

ఆ రోజు జరిగింది రాస్తాను. వాడు సిగ్గుతో పడిపోయాడు, అంతే. లేవడానికి ముఖం లేదు. డాక్టరు పరుగెత్తుకొచ్చి కాలు, మోకాలు, మెడ చూసి, "హి ఈజ్ నాట్ హర్ట్" అన్నాడు. సియోనే వాడి వైపు చూసి, డాక్టరు వైపు చూసి, "లుక్ ఎట్ హిమ్. ఆఫ్‌కోర్స్ హి ఈజ్ హర్ట్" అని మోకాలు నేలకు ఆనించాడు. కెప్టెను వంగితే టీము వంగింది. అవతలి టీముకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆ ఆచారం ఒంటికి తగిలిన దెబ్బలకే నిస్సారూ. లోపల తగిలినదానికి ఆ ఆటలో ఎవడూ మోకాలు వంచగా నేను చూడలేదు.

నేను వెళ్ళి పక్కన మోకరించాను. ప్రార్థన నోటిదాకా వచ్చింది. ఏలీయాకు దేవుడు పెనుగాలిలో దొరకలేదు, నిప్పులో దొరకలేదు, మెల్లని స్వరంలో దొరికాడు. ఆ వాక్యం ఎన్నోసార్లు పెద్ద గొంతుతో చెప్పినవాణ్ణి. ఆ రోజే అర్థమైంది. నోరు మూసుకున్నాను. ఆ సంగతి మా వసుంధర కూడా గమనించలేదు, కంచె అవతల నుంచి నువ్వు గమనించావు.

టీము రెండేళ్ళే బతికింది. ఎందుకు పుట్టించావు ప్రభువా అని జనవరిలో అడిగాను. ఇప్పుడు అడగను. నీ కొడుకు పడినప్పుడు ఓడినవాళ్ళూ గెలిచినవాళ్ళూ మోకాళ్ళూనడానికి ఆ టీము చాలు.

యెఫ్తా పేరు పెట్టి నిన్ను కొట్టాను. ఆ మాట వెనక్కి తీసుకోను, నువ్వు మాట అన్నది నిజం. కానీ ఎదురు వైపు కూర్చుని, పరాయి జెండా పట్టుకుని కొడుకు కోసం దువా చేసిన తండ్రి గురించి నా బైబిల్లో వెతికాను. దొరకలేదు. నీకో అధ్యాయం తక్కువైంది అందులో.

గుమ్మం సంగతి తేల్చు. వాడు మీ ఇంటికి రావాలంటే ముందు ఆ మాట పోవాలి.

రాజు


ద పాండ్స్
మే 11, 2025

రాజూ,

నా పనిలో ఒక బాధ ఉంది. గుడ్డను పొడవుగా కోస్తే దిద్దుకోవచ్చు. కురచగా కోస్తే అది పెరగదు. అదే రంగు గుడ్డ తెచ్చి అతుకు వేయాలి, ఆ అతుకు కూడా కనిపించేలాగే ఉంటుంది. ఆ రోజు గుమ్మంలో నేను కురచగా కోశాను. మాటను వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. అతుకు వేస్తున్నాను.

కింద రాసింది వాడికి చదివి వినిపించు. నీ ఆదివారపు గొంతుతో చదువు, వీధిలో వినపడినా సరే. ఇక్కడ మాత్రం మడతలు లేవు.

"వెస్ట్ షోర్ పెలికన్స్ టీముకు, కెప్టెన్ సియోనేకు, కిక్కర్ ఆకిబ్ అహ్మదుకు: బక్రీద్ మర్నాడు, లాంగ్ వీకెండ్‌లో, మా ఇంట్లో భోజనం. టీము మూసేశారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కాగితం మీద మూసేసినవాళ్ళకు మా ఇంట్లో అన్నం లేదు. ఆడినవాళ్ళందరూ రావాలి. ఆకిబ్ ఒక్కడే వస్తే గుమ్మం ఎక్కనివ్వను. టీముతోనే రావాలి."

ఎంతమంది వస్తారో ముందుగా చెప్పించు. ఫరీదా బిర్యానీకి పెద్ద దేగిసా అద్దెకు తెస్తానంటోంది. ఆ కెప్టెను ఎంత తింటాడో కూడా అడుగు, సిగ్గుపడొద్దని చెప్పు.

జెండా సంగతి నేనే చెప్పుకుంటాను. నువ్వు ఇంకొన్నాళ్ళు మింగు.

నిస్సార్


పాయింట్ కుక్
జూన్ 15, 2025

నిస్సార్ అహ్మదుకు, ఫరీదాకు, వాళ్ళింటి దేగిసాకు కనకరాజు వందనాలు.

పదిమంది కుష్ఠరోగులు బాగయ్యారు, తిరిగొచ్చి థాంక్స్ చెప్పినవాడు ఒక్కడే. ఆ ఒక్కడి వరుసలో నిలబడి రాస్తున్నాను. తలుపు తెరిచిన దగ్గర్నుంచి నువ్వు చూశావు. అంతకు ముందరిది నీకు తెలియదు గనుక రాస్తాను.

నీ పిలుపు వంటింట్లో నిలబడి చదివాను. వాడు ప్లేటు కడుగుతున్నాడు. కుళాయి కట్టేశాడు. "ఆకిబ్ ఒక్కడే వస్తే" దగ్గరికి వచ్చేసరికి, "ఎగైన్ చదవండి అంకుల్" అన్నాడు. మళ్ళీ చదివాను. మూడోసారి నా చేతిలోంచి తీసుకుని తనే చదువుకున్నాడు. తెలుగు అక్షరాలు వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. ఆ శనివారం గ్రౌండు దగ్గర కారు దిగాడు. పార్కులోకి నడిచి, "మై డాడీ వాంట్స్ టు ఫీడ్ యూ" అన్నాడట. సియోనే, "ఆల్ ఆఫ్ అస్? డజ్ హి నో?" అన్నాడట.

మా ఫెలోషిప్ వ్యాను, ఇంకో రెండు బళ్ళూ. తెల్లారకముందే బయల్దేరాం. వ్యానులో సియోనే ముందు సీటులో కూర్చుంటే బండి ఒక పక్కకు ఒరిగింది. దారి మధ్యలో ఆల్బరీలో టీ తాగేటప్పుడు వాళ్ళలో వాళ్ళు, సిడ్నీ అంకుల్ ఎలాంటివాడు అని ఆకిబ్‌ను అడుగుతున్నారు. "స్ట్రిక్ట్. వెరీ స్ట్రిక్ట్. బట్ హి ఫిక్స్డ్ మై స్కూల్ బ్యాగ్ ఎవ్రీ టర్మ్" అన్నాడు. మీ వీధి మలుపులో మాత్రం వాడి ధైర్యం జారింది. బండి ఆపించి దిగి, ఎవరింటి కంచె దగ్గరో నిలబడ్డాడు. నేను దిగబోతే సియోనే నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. టీమంతా దిగింది. వాడు అడుగు వేసేదాకా నిలబడి, వాడి చుట్టూ నడిచారు. నీకు తలుపులో కనిపించిన గుంపు అది. మధ్యలో వాడున్నాడని నీకు వెంటనే కనిపించి ఉండదు.

ఆ తర్వాతది నువ్వు చూసిందే. ఒక్క మాట మాత్రం రాయకుండా ఉండలేను. ఆ ఆకుపచ్చ జెండాను లోపలినుంచి తెచ్చి, ఎక్కడ కూర్చున్నావో, ఎవరు ముద్దుపెట్టారో నీ వచ్చీరాని ఇంగ్లీషులో చెబుతుంటే వాళ్ళు నవ్విన నవ్వుకు మీ డాబా కప్పు లేచిపోతుందనుకున్నాను. వాడు నవ్వలేదు. నిన్నే చూస్తున్నాడు. "యు కేమ్?" అన్నాడు. నువ్వు "బిర్యానీ చల్లారిపోతుంది" అన్నావు. నిస్సారూ, నాలుగు నెలల నా బోధల కంటే ఆ బిర్యానీ మాటకు బలముంది. ఒప్పుకుంటున్నాను.

భోజనం ముందు సియోనే నన్ను గ్రేస్ ప్రార్థన చెప్పమన్నప్పుడు, ఇల్లు నీది గనుక నువ్వే చెప్పమన్నాను. నువ్వు బిస్మిల్లా అని ఒక్క మాటతో ముగించావు. అంత చిన్నదైనా దేవుడు విన్నట్టే ఉంది.

వాణ్ణి అక్కడే వదిలి వచ్చాం. వాడి గది ఇక్కడ ఖాళీగా ఉంది. వసుంధర దుప్పట్లు ఉతికి మళ్ళీ అదే మంచం మీద పరిచింది. నీ కొడుకు నీ దగ్గరున్నాడు, దేవునికి స్తోత్రం.

రాజు


ద పాండ్స్
జూన్ 29, 2025

రాజూ,

మీరు వెళ్ళిన మర్నాడు షాపుకు వచ్చాడు. నా పక్క బల్ల దగ్గర కూర్చుని యూనిఫారాలకు గుండీలు కుట్టాడు. మధ్యాహ్నం దాకా పక్కపక్కనే పని చేసుకున్నాం. తర్వాత వాడే, "డాడీ, ఆ పోల్ సౌండ్ మీకూ వినపడిందా?" అన్నాడు. వినపడిందన్నాను. "నాకు ఇప్పటికీ వినపడుతుంది" అన్నాడు. నాకూ అన్నాను. తర్వాత టీ తాగాం. అంతే జరిగింది. అంతకంటే ఎక్కువ జరగాలని నాకేమీ లేదు.

నిన్న వాడు వీధి చివర పార్కులో ఒక్కడే బంతి తంతున్నాడు. నేను చెట్ల పక్కనుంచి కాదు, ఎదురుగా పోయి బెంచీ మీద కూర్చున్నాను. కొన్ని పోయాయి, కొన్ని తప్పాయి. తప్పినప్పుడు నా వైపు చూశాడు. నేను లేచిపోలేదు.

సియోనే రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఊళ్ళోవాళ్ళు జీతాలు లేకుండా ఆడుకునే చిన్న లీగులో పేరు నమోదు చేస్తాడట. పాత పేరే పెడతాడట. కిక్కరు కావాలట. మధ్యలో వదిలేసిన యూనీ చదువు కూడా అక్కడే పూర్తిచేస్తానంటున్నాడు ఆకిబ్. రాత్రి భోజనం దగ్గర అడిగాడు, "డాడీ, నేను వెళ్ళొచ్చా?" అని. మొదటిసారి అడగలేదు, చెప్పి వెళ్ళాడు. ఈసారి అడిగాడు. నేను గుమ్మం దాకా వెళ్ళి తలుపు తీసి చూపించి, శుక్రవారం వెళ్ళు, పండుగలకు రా, మధ్యలో కూడా రా అన్నాను.

వాడు శుక్రవారం సాయంత్రానికి మీ దగ్గరుంటాడు. నీకు థాంక్స్ అని రాసి కొట్టేశాను. రెండేళ్ళు వాడికి నువ్వు పెట్టిన అన్నానికి ఆ మాట చాలదు.

ఫరీదా ఒక కాగితం తెచ్చింది, వాడికి ఏం పడుతుందో ఏం పడదో అన్నీ రాసి పంపమంది. సగం రాసి ఆపేశాను. వాడికి ఏం పడదో నీకూ వసుంధరకూ తెలుసు. మాకు తెలిసింది పాతది. ఈసారి మీరే మాకు రాయండి.

నిస్సార్